ఎంగిలితో పాకే వైరస్, నరాల జబ్బు

జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరికితే కాకి ఎంగిలి, దోషం లేదు. నక్కపల్లి బడి పిల్లలైనా, నర్సీపట్నం పిల్లలైనా ఈ లెక్కతోనే కాయ పంచుకుంటారు. గుడ్డ తడిసి ఉమ్మి దిగితే మాత్రం ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు అది అడ్డం కాదు. మన దగ్గర చాలామందికి ఇది పసితనంలోనే, సోకినట్టు తెలియకుండానే సోకుతుంది. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా దీన్ని మోస్తున్నవాళ్లే. ఒకసారి చేరితే రక్తంలోని బి కణాల్లో జీవితాంతం నక్కి ఉంటుంది.

1964లో బయటపడ్డ ఈ వైరస్‌పైనే ఇప్పుడు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనుమానమంతా.

ఒంటిని కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీద, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా ఉండే మైలిన్ పొరను తినేయడమే ఎం.ఎస్. ఒక కన్ను మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. కొన్ని వారాలకు దానంతటదే తగ్గడంతో నీరసమనుకుని ఊరుకుంటారు. నెలల తర్వాత మళ్లీ వస్తుంది. విశాఖ కేజీహెచ్ లాంటి చోట న్యూరాలజిస్టు చూసి, ఎమ్మారై తీయిస్తే గానీ సంగతి తేలదు.

అందరిలో ఉన్న వైరస్‌ను తప్పుపట్టడమెలా? హార్వర్డ్‌లో అల్బెర్టో అషెరియో బృందం అమెరికా సైన్యం దాచిన రక్త నమూనాలను వెతికింది. కోటి మందికి పైగా సిబ్బంది, 20 ఏళ్ల రికార్డులు. ఎం.ఎస్. వచ్చిన 801 మందిలో, తొలి నమూనాలో వైరస్ జాడ లేనివాళ్లు 35 మందే. జబ్బు మొదలయ్యేలోపు వాళ్లలో 34 మందికి అది సోకింది! సోకాక ముప్పు 32 రెట్లు పెరిగినట్టు 2022 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఇలాగే ఉమ్మితో పాకే సైటోమెగలో వైరస్‌తో అలా పెరగలేదు.

అదే నెలలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మరో ముడి విప్పారు. వైరస్‌లోని ఒక ప్రొటీన్ ముక్కకు, మెదడులోని గ్లయల్‌క్యామ్ ప్రొటీన్‌కు పోలిక ఉంది. శత్రువుపై తయారైన యాంటీబాడీలు కొందరిలో సొంతవాళ్ల మీదా పడతాయి.

మరి ఇంతమందిలో వైరస్ ఉన్నా, ఐరోపా, ఉత్తర అమెరికాలతో పోలిస్తే మన దేశంలో ఎం.ఎస్. తక్కువే. జన్యువులు, విటమిన్ డి లోపం, పొగతాగడం లాంటివీ తోడవ్వాలి. సోకే వయసూ ముఖ్యమే: టీనేజీలో జ్వరం, మెడ బిళ్లలతో ఈ వైరస్ బయటపడ్డవాళ్లకు ముప్పు ఎక్కువ. వైరస్ దాదాపు అందరిలో ఉండేదే కాబట్టి, భయపడి ఎప్‌స్టీన్-బార్ రక్తపరీక్షకు పరుగెత్తడం డబ్బు దండగ.

ఈ వైరస్‌కు ఇంకా టీకా రాలేదు, ప్రయోగాలు నడుస్తున్నాయి. మన న్యూరాలజిస్టులు ఎం.ఎస్.కు వాడే రిటుక్సిమాబ్ మందు మాత్రం బి కణాలను తుడిచిపెట్టి దాడులను బాగా తగ్గిస్తుంది. వైరస్ నక్కేదీ ఆ కణాల్లోనే. అయితే బి కణాలు చేసే ఇతర చెరుపు ఆగడం వల్ల కూడా ఆ మేలు జరిగి ఉండొచ్చు.