మీకు తెలుసా? గాదంకి రాడార్‌లో పదో తరగతి త్రికోణమితి

తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకి వద్ద, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో పనిచేసే ఎంఎస్‌టి రాడార్ పైగాలుల వేగాన్ని కొలిచే పద్ధతికి ఆధారం, బడిలో నేర్చుకునే సైన్, కొసైన్ నిష్పత్తులే. నడినెత్తి దిశ నుంచి తూర్పుకు 10 డిగ్రీలు, పడమరకు 10 డిగ్రీలు వంచి రేడియో తరంగాలను పంపినప్పుడు, ఒక్కో వైపు నుంచి అందే వేగంలో తూర్పు–పడమరల దిశలో అడ్డంగా వీచే గాలి వేగానికి సైన్ 10° రెట్లు, నిలువుగా కదిలే గాలి వేగానికి కొసైన్ 10° రెట్లు కలగలిసి ఉంటాయి. కోణం గుర్తు మారితే సైన్ గుర్తు మారుతుందనీ, కొసైన్ మారదనీ చెప్పే సర్వసమీకరణాల వల్ల, అంటే కోణం ఏదైనా సరే నిజమయ్యే సమీకరణాల వల్ల, రెండు వైపులా గాలి ఒకేలా ఉందనుకుంటే, ఒక కొలత నుంచి మరొకదాన్ని తీసివేయగానే నిలువు వేగం పూర్తిగా రద్దవుతుంది. మిగిలినదాన్ని సైన్ 10° విలువకు రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలోని అడ్డగాలి వేగం తేలుతుంది. కంటికి కనిపించని గాలిని ఒక్క తీసివేతతో ఇలా విడదీయగలగడం గణితంలోని గొప్ప సౌందర్యం.

సైన్, కొసైన్ వర్గాల మొత్తం 1 అనే, పదో తరగతి విద్యార్థికి బాగా పరిచయమైన సర్వసమీకరణాన్ని కూడా ఇదే కోణంతో సరిచూడవచ్చు: సైన్ 10° విలువ 0.1736, కొసైన్ 10° విలువ 0.9848 కాగా, వాటి వర్గాలు దాదాపు 0.030, 0.970, కలిపితే 1.