మబ్బు అడ్డొస్తే ఆకాశం ఇరుకే

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానానికి పఠాన్‌కోట్ దగ్గర, 36 వేల అడుగుల ఎత్తున, వడగళ్ల మేఘం ఎదురైంది. ఎడమకు, అంటే అంతర్జాతీయ సరిహద్దు వైపు జరుగుతామని పైలట్లు అడిగారు. అనుమతి రాలేదు. లాహోర్ నియంత్రణ కేంద్రమూ రానివ్వలేదు. చివరికి మేఘంలోంచే వెళ్లారు. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి జారింది. ముక్కు దెబ్బతిన్నా, 220 మందికి పైగా ప్రయాణికులు క్షేమంగా దిగారు.

అప్పట్లో చర్చంతా సరిహద్దు చుట్టూనే తిరిగింది. కానీ సరిహద్దు లేని చోట కూడా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కు రోజూ ఎదురయ్యే ప్రశ్న అదే: పక్కకు జరగడానికి చోటుందా?

రాడార్ పరిధిలో రెండు విమానాల మధ్య సాధారణంగా అడ్డంగా 5 నాటికల్ మైళ్లు (సుమారు 9 కిలోమీటర్లు), లేదా నిలువుగా 1,000 అడుగుల దూరం ఉండాలి. విమానాశ్రయం దగ్గర అడ్డదూరం 3 మైళ్లకు తగ్గొచ్చు. తొమ్మిది కిలోమీటర్లంటే చాలా అనిపిస్తుంది. ఎదురెదురుగా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే రెండు జెట్‌లకు అది 20 సెకన్ల దూరం కూడా కాదు.

ఉష్ణమండలంలో క్యుములోనింబస్ మేఘాలు 50 వేల అడుగులు దాటి ఎదుగుతాయి. ప్రయాణికుల విమానాలు వాటి మీదుగా ఎగరలేవు. తీవ్రమైన మేఘమైతే 20 మైళ్ల ఎడంగా పోవడం మంచిదంటారు. అలాంటివి నాలుగు వరసకట్టి నిలబడితే, నాలుగు దారుల్లో వచ్చే విమానాలన్నీ ఒకే సందు కోసం అడుగుతాయి. కంట్రోలర్ కొన్నింటిని గాల్లోనే చుట్లు తిప్పుతారు, కొన్నింటిని బయలుదేరే చోటే ఆపిస్తారు. ప్రయాణికులు విసుక్కునే ఆ ఆలస్యమే అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతి. నేల మీద ఇంధనం అయిపోతుందన్న బెంగ ఉండదు.

నిలువు దూరాన్నీ నమ్ముకోలేని సందర్భాలుంటాయి. నిమిషానికి 8,500 అడుగుల చొప్పున జారితే వెయ్యి అడుగులు ఏడు సెకన్లలో కరిగిపోతాయి. అందుకే ఎత్తు నిలుపుకోలేకపోతున్నామని పైలట్ చెబితే ఆ దూరాన్ని 2,000 అడుగులకు పెంచుతారు.

సముద్రం మీద లెక్క వేరు. బంగాళాఖాతంలో రాడార్‌కు అందని భాగాన్ని చెన్నై కేంద్రం ఉపగ్రహ సందేశాలతో నడిపిస్తుంది. అక్కడ దూరాలు పదుల మైళ్లలో ఉంటాయి. మేఘం ముందుకొచ్చినా అనుమతి దొరకకపోతే? అందుకు అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది. పైలట్ దారి తప్పి 5 మైళ్లు దాటేటప్పుడు, ఉత్తరానికి జరిగితే 300 అడుగులు దిగాలి, దక్షిణానికి జరిగితే 300 అడుగులు ఎక్కాలి. పక్కపక్క దారుల్లో ఒకే ఎత్తున వెళ్లే రెండు విమానాలు ఒకే మేఘాన్ని తప్పించుకుంటూ ఒకదాని వైపు ఒకటి జరిగాయనుకుందాం. ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది. మధ్యలో 600 అడుగులు మిగులుతాయి. వెయ్యి అడుగుల పైనున్న విమానం దిగి, కిందిది ఎక్కినా ఇంకా 400 అడుగుల ఖాళీ ఉంటుంది.