తాళం మార్చని వాకిలి

పావగడ పేరు చెప్పగానే కొండమీది కోట గుర్తుకు వస్తుంది. కోటగోడ ఎంత ఎత్తుగా ఉన్నా రాకపోకలు సాగేది వాకిలి గుండానే. అందుచేత కావలివాళ్లను గోడ పొడుగునా కాక, ముందుగా వాకిలి దగ్గరనే నిలిపేవారు. ఇంటర్నెట్ పెట్టించుకొన్న ప్రతి ఇంటికీ నేడు అటువంటి వాకిలి ఒకటి ఉన్నది. దానినే రౌటర్ అంటారు.

పుస్తకమంత పెట్టె, దాని ముందువైపు మిణుకుమిణుకుమనే దీపాలు. చాలామందికి దీన్ని గురించి తెలిసింది ఇంతే. నిజానికి అది ఒక చిన్న కంప్యూటర్. బయటినుండి వచ్చే సమాచారాన్ని ఇంట్లోని ఫోన్లకు, కంప్యూటర్లకు పంచిపెట్టడం దాని పని. ఆ పని ఎలా చేయాలో తెలిపే ఆదేశాలు దానిలోని మెమరీ చిప్‌లో నిలిచి ఉంటాయి. ఆ ఆదేశాల సముదాయానికే ఫర్మ్‌వేర్ అని పేరు. కరెంటు పోయినా అది చెరిగిపోదు. అది చెడితే మాత్రం పెట్టె మొత్తం పనికిరాకుండా పోతుంది.

రౌటర్‌లోని ఏర్పాట్లను మార్చడానికి ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. ఒకప్పుడు చాలా కంపెనీలు తాము తయారుచేసిన పెట్టెలన్నింటికీ 'అడ్మిన్' వంటి ఒకే మాటను పాస్‌వర్డ్‌గా పెట్టి అమ్మేవి. కొన్నవారు దానిని మార్చుకొంటారని వారి నమ్మకం. కొన్నవారిలో అనేకులకు అటువంటిది ఒకటి ఉన్నదన్న సంగతే తెలియదు. అంటే ఊరందరి ఇళ్లకూ ఒకే తాళంచెవి అన్నమాట!

దీని ఫలితం 2017 జూలై చివరి వారంలో కర్ణాటకలో కనిపించింది. బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ వాడేవారి ఇళ్లలో మోడెములు ఉన్నట్టుండి ఆగిపోయాయి. దేశంలో మరికొన్ని చోట్ల కూడా ఇదే జరిగింది. మొత్తం సుమారు 60 వేల మోడెములు దెబ్బతిన్నట్లు వార్తలు వచ్చాయి. పాస్‌వర్డ్ 'అడ్మిన్' గానే ఉంచినవాటికి ఈ బెడద తగిలిందనీ, వెంటనే దానిని మార్చుకోవాలనీ సంస్థ వినియోగదారులకు తెలియజేసింది.

ఈ పని తనదేనని బ్రిక్కర్‌బాట్ అనే ప్రోగ్రామును సృష్టించిన ఒక అజ్ఞాతవ్యక్తి ప్రకటించుకొన్నాడు. ఇంగ్లీషులో బ్రిక్ అంటే ఇటుక. ఆ ప్రోగ్రాము పెట్టెలో చొరబడి మెమరీని చెరిపివేస్తుంది. ఆపైన ఆ పెట్టె ఇటుకతో సమానం. బలహీనమైన పెట్టెలు దుర్మార్గుల చేతిలో పడకముందే వాటిని తొలగిస్తున్నానని అతని వాదన. దొంగలు వస్తారని చెప్పి ఇంటినే కూల్చడం ఏమి న్యాయం? అయితే అతడు చూపిన భయం మాత్రం వట్టిది కాదు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము సుమారు 60 తెలిసిన పేరు-పాస్‌వర్డ్ జతలను ప్రయత్నిస్తూ లక్షల పరికరాలను వశపరచుకొన్నది. వాటిచేత ఒకేసారి దాడి చేయించగా ఆ అక్టోబరు 21న అమెరికాలో పేరున్న అనేక వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు.

పాస్‌వర్డ్ మార్చినా తీరని లోపం మరొకటి ఉన్నది. అది ఫర్మ్‌వేర్ రాతలోనే ఉంటుంది. పావగడ వంటి దూరపు ఊళ్లకు ప్రతిసారీ మనిషిని పంపకుండా, తమ కార్యాలయం నుండే రౌటర్‌ను సరిచేయడానికి కంపెనీలు ఒక ప్రత్యేక ద్వారం ఉంచుకొంటాయి. సాంకేతికంగా అది 7547వ నంబరు ద్వారం. కొన్ని రౌటర్లు ఈ ద్వారంలో వచ్చిన ఆజ్ఞ ఎవరిదని విచారించకుండానే పాటించేవి. గడియారాన్ని సరిచేసుకొనే చిరునామా ఉండవలసిన చోట దొంగ ఆజ్ఞను రాసి పంపినా సరే, అమలుచేసేవి. 2016 నవంబరులో ఈ లోపాన్ని వెదుకుతూ సాగిన దాడిలో జర్మనీలో సుమారు 9 లక్షలమంది వినియోగదారుల రౌటర్లకు ఇబ్బంది కలిగింది. అక్కడి రౌటర్లు ఆ ఆజ్ఞకు లొంగలేదు గాని, తాకిడికి తట్టుకోలేక స్తంభించిపోయాయి.

ఇటువంటి లోపానికి ఇంటివారిని నిందించి లాభం లేదు. ద్వారాన్ని లోకమంతటికీ తెరచి ఉంచకపోవడం సేవ అందించే సంస్థ విధి. రాత సరిదిద్దిన కొత్త ఫర్మ్‌వేర్‌ను విడుదల చేయడం తయారీదారు బాధ్యత. దానిని ఎక్కించుకోవడం ఇంటివారి వంతు. ఇందుకు కావలసిన చిరునామా తరచు పెట్టె అడుగున అంటించిన చీటీపైనే ఉంటుంది. 192.168.1.1 వంటి ఆ అంకెలను ఇంటి కంప్యూటర్‌లో కొడితే రౌటర్ పుట తెరచుకొంటుంది. పాస్‌వర్డ్ మార్చేదీ, కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందేమో చూసేదీ సాధారణంగా అక్కడే. తయారీదారు సవరణలు పంపడం మానివేసిన పాత పెట్టె అయితే, దీపాలు చక్కగా వెలుగుతున్నా దానిని మార్చవలసిందే.