తియ్యటి స్ట్రాబెర్రీ కోసం ఏ రకం? – అపోహలు, వాస్తవాలు

అక్టోబరు రాగానే మిద్దెతోట వాళ్లు నర్సరీలో అడిగే మొదటి మాట, "అన్నిటికంటే తియ్యగా ఉండే స్ట్రాబెర్రీ రకం ఏదండీ?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి వచ్చే జవాబులే చాలావరకు తప్పుదారి పట్టిస్తున్నాయి. ఒకరు సైజు చూపించి అమ్ముతారు, ఇంకొకరు రంగు చూపించి, మరొకరు ఊరి పేరు చెప్పి. ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకునేది డబ్బాల్లో నింపి అమ్మడానికి కాదు, పిల్లల చేతికి కోసి ఇవ్వడానికి. అలాంటప్పుడు బజారు కొలతలతో రకం ఎంచుకోకూడదు. ఈ ఒక్క విషయం మనసుకు పడితే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అపోహ: బజారులో ఎక్కువగా దొరికే రకమే మంచి రకం.

మన దేశంలో పెద్ద ఎత్తున పండించిన రకాల్లో కామరోసా ఒకటి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1990లలో విడుదల చేసింది. పండు గట్టిగా ఉంటుంది, దిగుబడి బాగా వస్తుంది, రాత్రంతా లారీలో ప్రయాణించినా నలగదు. వ్యాపారికి, రైతుకు ఈ గుణాలే ముఖ్యం. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ మన మిద్దె మీద కుండీ నుంచి వంటింటికి ఉన్న దూరం ఇరవై అడుగులు. గట్టిదనంతో మనకు పనేమిటి?

డబ్బాలో వచ్చే పండు చప్పగా ఉండటానికి అసలు కారణం వేరే ఉంది. స్ట్రాబెర్రీ కోశాక మగ్గదు. మామిడికాయను గడ్డిలో పెడితే పండి తియ్యబడుతుంది. స్ట్రాబెర్రీ అలా కాదు. కోశాక రంగు కాస్త ముదురుతుంది గాని, తీపి ఒక్క పిసరు కూడా పెరగదు. దూరం పంపాల్సిన పండును ముప్పాతిక ఎరుపులోనే కోస్తారు. ఆ రోజుకు ఎంత తీపి ఉందో అంతే మన నోటికి వస్తుంది. అదే కామరోసాను కుండీలోనే తొడిమ కింద దాకా ముదురు ఎరుపు తిరగనిచ్చి కోసి చూడండి. డబ్బాలో తిన్నది ఇదేనా అనిపిస్తుంది. కొన్న పండు రుచిని బట్టి ఒక రకాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అయినా చేతిలో ఎంపిక ఉన్నప్పుడు, కాస్త మెత్తనైనా రుచికి పేరున్న వాటి వైపు వెళ్లడమే ఇంటి తోటకు మేలు. 1983లో కాలిఫోర్నియా నుంచే వచ్చిన చాండ్లర్ అలాంటిది. తీపి, పులుపు రెండూ నిండుగా ఉంటాయి. 1992లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఇచ్చిన స్వీట్ చార్లీలో పులుపు తక్కువ, తీపి పైకి తేలుతుంది. పైగా త్వరగా కాపుకు వస్తుంది. మన చిన్న చలికాలానికి ఆ తొందర చాలా విలువైనది.

అపోహ: 'మహాబలేశ్వర్ రకం' అడిగి తెచ్చుకుంటే చాలు.

ఆ పేరుతో రకమే లేదు. మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ ప్రాంతంలో పండిన పండుకే గాని ఒక మొక్క జాతికి కాదు. సుమారు 1,350 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండల మీద స్వీట్ చార్లీ, కామరోసా, వింటర్ డాన్, నాబిలా వంటి రకాలెన్నో పండుతాయి. తల్లిమొక్కలను విదేశాల నుంచి తెప్పించి, వాటి తీగలకు వచ్చిన పిలకలతో నారు పెంచుతారు. మన నర్సరీలకు వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఆ నారే. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి ఊరుకోవద్దు, రకం పేరు అడగండి. పేరు చెప్పలేని నర్సరీలో కొనకపోవడమే మంచిది.

మహాబలేశ్వర్‌లో తిన్న రుచి మొక్కతో పాటు మన ఇంటికి రాదన్నది ఇంకో సంగతి. ఆ రుచిలో పెద్ద వాటా చల్లటి రాత్రులది. పగలు ఆకులు తయారుచేసుకున్న చక్కెరను మొక్క రాత్రి శ్వాసకు కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. చల్లగా ఉంటే పండు నిదానంగా ఎదుగుతుంది, చక్కెర కూడగట్టుకోవడానికి దానికి సమయం దొరుకుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో రైతులు స్ట్రాబెర్రీ పండించగలగడానికి కారణం ఆ చలే. చలికాలంలో అటువైపు వెళ్తే తోటలోనే పండు రుచి చూసి, అది ఏ రకమో రైతునే అడగండి. ఏ ప్రకటన చదివినా అంత తెలియదు.

అపోహ: పండు పెద్దగా, ముదురు ఎరుపుగా ఉంటే తియ్యటి రకమన్నట్టే.

స్వీట్ చార్లీ పండు రంగులో కాస్త నారింజ ఛాయ ఉంటుంది. దానికంటే కామరోసా ఎంతో ముదురు. రంగును నమ్మినవాడు తీపి రకాన్ని వదిలేసి వస్తాడు. ఒకే రకంలో పండిందా లేదా తెలుసుకోవడానికి రంగు పనికొస్తుంది గాని, రెండు రకాలను పోల్చడానికి పనికిరాదు. కోసినప్పుడు లోపల తెల్లగా కనిపించడం కూడా కొన్ని రకాల స్వభావమే. తొడిమ దగ్గర పైన తెల్లగా ఉంటే మాత్రం ఇంకా పండలేదని అర్థం.

రుచి అనేది చక్కెర ఒక్కదానితో అయ్యేది కాదు. చక్కెర, పులుపు, వాసన మూడూ కలిస్తేనే అది స్ట్రాబెర్రీ రుచి. 2014లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 35 రకాలను జనం చేత తినిపించి, ఆ పండ్లను రసాయనికంగా విశ్లేషించి ఫలితాలు ప్రచురించారు. కొన్ని వాసన పదార్థాలు చక్కెరతో సంబంధం లేకుండానే తీపి అనుభూతిని పెంచుతాయని అందులో తేలింది. చక్కెర అంతే ఉన్నా, మంచి వాసన ఉన్న పండు నోటికి ఎక్కువ తియ్యగా అనిపిస్తుందన్నమాట. ఎండలు ముదిరేకొద్దీ పండులో చక్కెర తగ్గుతుందని కూడా అదే పరిశోధన చూపించింది. జనవరిలో తిన్న మొక్క పండే మార్చిలో చప్పబడటం మన చేతి లోపం కాదు.

వాసన గురించి మాట్లాడితే ఫ్రాన్స్ రకం మారా దె బువా గుర్తుకొస్తుంది. మారియోనే అనే ఫ్రెంచి నర్సరీ యజమాని తయారుచేసి 1991లో విడుదల చేసిన ఈ రకంలో అడవి స్ట్రాబెర్రీ పరిమళం ఉంటుంది. పండు చిన్నది, మెత్తనిది, కోసిన రోజే తినాల్సింది. ఐరోపా ఇంటి తోటల వాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మన తెలుగువాళ్లు పెరట్లో వేసుకోవాలనుకుంటే నా ఓటు దీనికే. విజయవాడలోనో వరంగల్లోనో ఉన్నవాళ్లు మాత్రం పేరు విని ఆశపడొద్దు. చల్లటి వేసవుల కోసం పుట్టిన మొక్క అది.

అపోహ: ఏడాది పొడవునా కాసే రకం వేస్తే మనకూ ఏడాదంతా పండ్లే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. స్ట్రాబెర్రీ రకాలను పూత పట్టే తీరును బట్టి విడదీస్తారు. పగలు తక్కువగా ఉండే రోజుల్లో పూతకు వచ్చేవి ఒక వర్గం. చాండ్లర్, స్వీట్ చార్లీ, కామరోసా, వింటర్ డాన్ ఇవన్నీ ఆ కోవలోవే. పగటి నిడివితో పని లేకుండా పూసేవి రెండో వర్గం. ఆల్బియాన్, సీస్కేప్ అలాంటివి. అమెరికా, ఐరోపాల్లో వేసవి పగళ్లు చాలా పొడుగు కాబట్టి మొదటి వర్గం ఏడాదికి ఒకసారి కాసి ఆగిపోతుంది, రెండోది శరదృతువు దాకా కాస్తూనే ఉంటుంది. అక్కడ ఆ తేడా చాలా పెద్దది.

మరి మన దగ్గర? హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి పొడుగు పగలు కూడా 13 గంటలకు కాస్త ఎక్కువే తప్ప 14 దాటదు. మన మొక్కకు ప్రధానంగా అడ్డం పడేది పగటి నిడివి కాదు, వేడి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి నిలిచిందంటే పగటితో పని లేదన్న ఆల్బియాన్ కూడా పూత మానేస్తుంది. పగలు 20 – 25, రాత్రి 10 – 15 డిగ్రీలు ఉండే వాతావరణం దొరికినన్నాళ్లే మనకు పంట. మైదాన ప్రాంతాల్లో అక్టోబరు చివర నాటితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మహా అయితే మార్చి మొదటి వారాల దాకా. తర్వాత షేడ్‌నెట్ కింద బతికించుకోవచ్చేమో గాని పండ్ల ఆశ పెట్టుకోవద్దు. కోస్తాలో సముద్రం పక్కన రాత్రులు కూడా వెచ్చగా ఉంటాయి. అక్కడ కాపు ఇంకా తక్కువ.

అందుకే మన వాళ్లకు రుచి తర్వాత చూడాల్సిన గుణం ఏడాదంతా కాయడం కాదు, త్వరగా కాయడం.

అపోహ: విత్తనాలు తెప్పించి మొలకెత్తిస్తే అదే రకం వస్తుంది.

రాదు. మనం తినే స్ట్రాబెర్రీ 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టిన సంకరం. 1714లో ఫ్రేజియే అనే ఫ్రెంచి ఇంజినీరు చిలీ దేశం నుంచి తెచ్చిన పెద్ద పండ్ల మొక్కలు అన్నీ ఆడవే కావడంతో సరిగా కాయలేదు. పక్కన ఉత్తర అమెరికా జాతి మొక్కలు ఉన్నచోట వాటి పుప్పొడి అంది కాయడం మొదలైంది, ఆ కలయికలోంచి కొత్త జాతి వచ్చింది. అలాంటి సంకరం విత్తనాల్లోంచి వచ్చే ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు. చాండ్లర్ కావాలంటే చాండ్లర్ పిలకే నాటాలి, లేదా టిష్యూకల్చర్ మొక్క. చిన్న పండ్ల ఆల్పైన్ స్ట్రాబెర్రీ, విత్తనంతో పెంచడానికే తయారుచేసిన కొన్ని హైబ్రిడ్లు మాత్రమే ఇందుకు మినహాయింపు.

ఇక ఆన్‌లైన్‌లో నీలం స్ట్రాబెర్రీ విత్తనాలంటూ కనిపించేవి పచ్చి మోసం. నీలం స్ట్రాబెర్రీ ప్రపంచంలో ఎక్కడా లేదు. పసుపు పూలు పూసి, ఎర్రగా చిన్న పండ్లు కాసే మొక్కను స్ట్రాబెర్రీ అని అంటగడితే కూడా తీసుకోవద్దు. ఆకు ఒకేలా ఉంటుంది గాని దాని పండులో రుచి ఉండదు. మనకు కావాల్సిన రకాల పువ్వు తెల్లగా ఉంటుంది.

అపోహ: బెల్లం నీళ్లు పోస్తే పండు తియ్యబడుతుంది.

వేళ్లు చక్కెరను పీల్చి పండుకు పంపవు. తీపి ఆకుల్లో, ఎండలో తయారవుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ ఇవ్వండి, పండ్లు ఎరుపు తిరిగేటప్పుడు నీళ్లు మరీ ఎక్కువ పోయకండి. నత్రజని ఎరువు అతిగా వేస్తే ఆకే పెరుగుతుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లకు ఈ మొక్క అసలు ఓర్చుకోదు, ఆకుల అంచులు మాడుతాయి. వాన నీరు దాచుకోగలిగితే దీనికి పెట్టండి. నాటేటప్పుడు మొవ్వు మట్టిలో కూరుకుపోకూడదు, కుళ్లిపోతుంది.

అపోహ: వంకర పండ్లు కాసిందంటే రకం మంచిది కాదు.

పండు పైన గింజల్లా కనిపించేవే నిజానికి దాని అసలు కాయలు. ఒక్కొక్కదానికీ పుప్పొడి అందాలి. అందని చోట కండ ఉబ్బదు, పండు వంకర పోతుంది. తేనెటీగలు రాని పై అంతస్తు బాల్కనీల్లో ఇది మామూలే. పూలు విచ్చిన రోజుల్లో మెత్తటి బ్రష్‌తో ఒక్కో పువ్వునూ సుతారంగా చుట్టూ తిప్పి తుడవండి. రకం మార్చాల్సిన అవసరం లేదు.

హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు, అనంతపురం వంటి చోట్ల మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా ఇది. సగం స్వీట్ చార్లీ, సగం చాండ్లర్ పెట్టుకోండి. చాండ్లర్ దొరక్కపోతే కామరోసా అయినా పరవాలేదు, పూర్తిగా పండనిచ్చి కోస్తే. అరకు, లంబసింగి లాంటి చల్లటి చోట ఉన్నవాళ్లు ఆల్బియాన్‌ను కూడా ప్రయత్నించవచ్చు. కుండీ మీద రకం పేరు రాసి పెట్టండి, ఏ రకం మీ ఇంట్లో ఎవరికి నచ్చిందో గుర్తుంచుకోండి. పండు తొడిమ దాకా ఎర్రబడ్డాక మరో రోజు ఆగి, ఉదయాన్నే కోసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఆ పూటే తినండి.