గాడిద పొదుగును, పాలను పరీక్షించుట ఎట్లు?

సంఘముల తనిఖీకి వెళ్ళినపుడు కొందరు సభ్యులు మమ్ములను ఒక ప్రశ్న అడుగుచున్నారు. గేదె పాలకు మనము చేయు పరీక్షలే గాడిద పాలకు కూడా సరిపోవునా అని. ఇది నవ్వి త్రోసివేయవలసిన ప్రశ్న కాదు. గాడిదను వెంటబెట్టుకొని వీధి వీధి తిరిగి, అక్కడికక్కడే పితికి, చిన్న గిన్నెతో కొలిచి అమ్మేవారిని మనమందరము ఎరుగుదుము. ఆ పాలు ఎక్కువగా చేరునది పసిబిడ్డ నోటిలోకి, అదియు పచ్చివిగా. పొదుగులో దాగిన జబ్బు ఉన్నచో అది ఎవరికి చేరునో వేరుగా చెప్పనక్కరలేదు. 2019 పశుగణన నాటికి దేశము మొత్తము మీద గాడిదలు సుమారు 1 లక్షా 20 వేలు మాత్రమే. 2012 లెక్కతో పోల్చిన 61 శాతము తగ్గినవి. కాబట్టి ఉన్న తల్లి గాడిద ఆరోగ్యము దాని యజమానికి చిన్న విషయము కాదు.

ముందుగా పొదుగు సంగతి. గేదెకు నాలుగు చన్నులు, గాడిదకు రెండే. అయితే ఒక్కొక్క చన్నుకు సాధారణముగా రెండు రంధ్రములుండును. ఒక్కొక్క రంధ్రము వెనుక ఒక్కొక్క వేరు గది ఉన్నది. అందుచేత ఒకే చన్ను నుండి వచ్చు రెండు ధారలలో ఒకటి మంచిదిగాను, రెండవది చెడినదిగాను ఉండవచ్చును. "ఈ చన్ను బాగానే ఉన్నదండీ" అని యజమాని చెప్పిన మాటతో తృప్తిపడరాదు. రెండు ధారలను విడివిడిగా చూడవలెను.

పితుకుటకు ముందు గాడిద నడకను గమనించండి. పొదుగు నొప్పిగా ఉన్న గాడిద వెనుక కాళ్ళు ఎడముగా పెట్టి బిర్రుగా నడుచును. పిల్ల కుడువ వచ్చిన తన్నును. పిల్ల నీరసముగా, మాటిమాటికి పొదుగు వద్దకు పోయి వెనుకకు వచ్చుచున్నచో అదియొక గుర్తు. తరువాత అరచేతితో రెండు వైపులను తాకి పోల్చవలెను. ఒక వైపు వేడి, గట్టిదనము, వాపు, పొదుగు ముందు పొట్ట క్రిందికి ప్రాకిన నీరు కనిపించిన పశువైద్యుని పిలువవలెను. పాలు పితికిన తరువాత మరల తాకి చూడుట మంచిది. ఆరోగ్యమైన పొదుగు అప్పుడు మెత్తబడి ముడుచుకొనును. గట్టి గడ్డ మిగిలినచో అనుమానించవలెను.

మొదటి రెండు మూడు ధారలను నల్లని గుడ్డ కట్టిన గిన్నెలోనికి పితకండి. తునకలు, పీచు, చీము, రక్తపు చార కనిపించిన ఆ పాలు ఎవరికిని పోయరాదు. ఒక్క హెచ్చరిక. గాడిద పాలు సహజముగానే పలుచన. గేదె పాలకు అలవాటుపడిన కంటికి అవి నీళ్ళు కలిపినట్లు తోచును. పలుచదనము ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు.

ఇక పైకి కనబడని పొదుగువాపు. ఇక్కడనే గేదె పరీక్షలు మనలను త్రోవ తప్పించును. మన కేంద్రములలో వాడు రంగు కాగితము పాలలో ఆమ్లము తగ్గుటను బట్టి జబ్బును చూపును. ఆవు పాల పి.హెచ్. 6.6 నుండి 6.8 వరకు ఉండును. గాడిద పాలది ఆరోగ్యముగా ఉన్నపుడే 7 లేక అంతకు కొంచెము పైన. కావున మంచి గాడిదకు కూడా ఆ కాగితము జబ్బు ఉన్నట్లే రంగు మారును. దానిని వాడకుండుటే మేలు. సి.ఎం.టి. ద్రావణము కొంత ఉపయోగపడును, ఎందుకనగా అది పాలలోని కణములతో కలిసి జిగురుగా మారును. గాడిద పాలలో ఈ కణములు మామూలుగా చాలా తక్కువ. అందుచేత ఆవు పాలలో మనము పట్టించుకొనని కొద్దిపాటి జిగురును కూడా ఇక్కడ అనుమానించవలెను. నిర్ధారణ మాత్రము ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి చూచిన తరువాతనే.

నాణ్యత విషయములో అంకెలు గుర్తుంచుకొనవలెను. గేదె పాలలో వెన్న 6 నుండి 8 శాతము వరకు ఉండగా, గాడిద పాలలో తరచు 1 శాతము లోపే. మాంసకృత్తులు 2 శాతము లోపు. పాలచక్కెర మాత్రము 6 నుండి 7 శాతము, అందుకే ఆ తీపి. ఈ చక్కెర వలన లాక్టోమీటరు పెద్దగా దిగిపోదు. వెన్న పరీక్ష చేసినచో వెన్న తీసిన పాలని అనిపించును. రెండింటిని కలిపి మనము కట్టు ఎస్.ఎన్.ఎఫ్. లెక్క ఆవు, గేదె పాలకు ఏర్పడినది, దీనికి వర్తించదు. కేసిన్ తక్కువ గనుక తోడు వేసినను గట్టి పెరుగు కాదు. కాచి విరుగుడు చూచు పరీక్షలో కూడ గేదె పాల వలె ముద్ద స్పష్టముగా కనబడక పోవచ్చును.

ఈ పాలలో సూక్ష్మజీవులను అణచు లైసోజైమ్ అను పదార్థము ఎక్కువ. లీటరుకు సుమారు ఒక గ్రాము. దీనిని చూపి "కాచనక్కరలేదు" అను వారున్నారు. ఆ మాట మేము ఒప్పుకొనము. గుర్రము, గాడిద జాతులలో పొదుగువాపు కలిగించు స్ట్రెప్టోకోకస్ క్రిములు పచ్చిపాల ద్వారా మనుష్యులకు సోకగలవు. ఇటలీలో ఆవు పాలు పడని పిల్లలకు గాడిద పాలు ఇచ్చుచున్నారన్నది నిజమే, కాని వైద్యుని పర్యవేక్షణలో. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే.

పొదుగులో నిలువ తక్కువ గనుక పిల్లను రెండు మూడు గంటలు దూరముంచి, తరువాత దగ్గరకు తెచ్చి, తల్లి చేపిన వెంటనే పితుకుట పద్ధతి. రోజంతా కలిపి లీటరుకు కొంచెము అటు ఇటు మాత్రమే వచ్చును. ఈనిన మొదటి నెల పాలు పిల్లవే. ధర ఆశకు పిల్లను ఎక్కువసేపు కట్టివేసిన పిల్ల ఎండును, పొదుగు బిగిసి జబ్బుకు దారి ఏర్పడును.

వైద్యము సొంతముగా చేయరాదు. గేదెకు వాడు ట్యూబు మొన గాడిద చన్ను రంధ్రమునకు లావు, బలవంతముగా దూర్చిన చన్ను చినుగును. పైగా ఒక రంధ్రములో వేసిన మందు ప్రక్క గదికి చేరదు. మందు వేసినప్పటి నుండి వైద్యుడు చెప్పిన గడువు వరకు ఆ పాలు అమ్మరాదు. ఏ చన్నుకు, ఏ తేదీన మందు వేసినారో ఇంటి గోడ క్యాలెండరుపై వ్రాసిపెట్టుకొన్నను చాలును.