అటక దిగిన కంప్యూటరు

పాత ఇత్తడి గిన్నెకు కళాయి వేయించి మళ్ళీ పొయ్యిమీద పెట్టుకునే అలవాటు మనది. కంప్యూటరు విషయంలో మాత్రం పదేళ్ళయినా తిరక్కుండానే ‘ముసలిదై పోయింది’ అని అటకెక్కించేస్తాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11ను మోయలేని యంత్రాలు ఎన్నో అలా అటకెక్కాయి. కాని వాటిలో చాలావాటికి ఒక మంచి పని చేసే ఓపిక ఇంకా ఉన్నది. అది, ఇంట్లోని పాటను పట్టి దాచడం!

మా పెద్ద మేనత్తకు పెళ్ళిపాటలు కొల్లలుగా వచ్చేవి. తలుపు దగ్గర పాట, బంతులాట పాట, అలకపాన్పు పాట, అప్పగింతల పాట – ఏది అడిగినా పుస్తకం చూడకుండా పాడేది. ‘ఈసారి వచ్చినప్పుడు రికార్డు చేద్దాం’ అనుకుంటూనే మేము ఏళ్ళు గడిపేశాం. ఆవిడ పోయాక వెతికితే సెల్‌ఫోనులో ఒకే ఒక్క పాట దొరికింది. అందులోనూ సగం కుక్కరు కూత, సగం పక్కగది టెలివిజను! ఇప్పుడు ఆ పాటలు తెలిసినవారు మా చిన్నత్తయ్య ఒక్కరే. ఆవిడకు ఎనభై దాటాయి. అందుకే నేను అటకమీది కంప్యూటరును కిందికి దింపాను.

4 జీబీ మెమొరీ, గిరగిర తిరిగే హార్డ్ డిస్కు – ఇదీ దాని ఆస్తి. ఇది చాలునా? లెక్క చూడండి. ఒక్క గొంతును సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 24 బిట్లలో ముద్రిస్తే నిమిషానికి 9 మెగాబైట్లయినా కావు. గంటసేపు పాడినా 520 మెగాబైట్లకు లోపే. ఇది పాత యంత్రానికి బరువు కానే కాదు. బరువల్లా మనం దాని నెత్తిన పెట్టిన తక్కిన పనులే.

కనుక మొదట ఆ బరువు దించాలి. అందులోని ఫొటోలు, కాగితాలు వేరేచోటికి మార్చుకోండి. మూత విప్పించి దుమ్ము దులిపించండి. దుమ్ము పేరుకుంటే యంత్రం వేడెక్కుతుంది; వేడెక్కితే లోపలి ఫాను రొద పెడుతుంది. హార్డ్ డిస్కు తీయించి ఎస్.ఎస్.డి. పెట్టిస్తే వేగం వస్తుంది, చప్పుడూ తగ్గుతుంది. అందులో తిరిగే భాగమే లేదు మరి. ఖర్చులేకుండా దొరికే లైనక్స్ ఎక్కించుకోవచ్చు. పాత విండోసే ఉంచుకుంటే ఇంటర్నెట్ జోలికి పోనివ్వకండి. ఒక్క గొంతు పట్టడానికి ‘ఆడాసిటీ’ అనే ఉచిత ప్రోగ్రాము చాలు.

ఇక మైకు సంగతి. కంప్యూటరుకే ఉన్న మైకు రంధ్రంలో తీగ గుచ్చి నేను మొదటిరోజంతా వృథా చేశాను. పాటతోపాటు యంత్రం లోపలి గుయ్యిమనే రొద కూడా ఎక్కింది. దీనికి మందు, యు.ఎస్.బి. తీగతో తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె. కొనేముందు అది ‘క్లాస్ కంప్లయంట్’ రకమేనా అని అడగండి. ఆ రకమైతే సాధారణంగా లైనక్సులో వేరే డ్రైవరు అక్కరలేదు. మీది కండెన్సర్ మైకు అయితే ఆ పెట్టె దానికి 48 వోల్టులు ఇవ్వగలదో లేదో కూడా చూసుకోండి.

రెండోరోజు మరో చిక్కు వచ్చింది. అత్తయ్య చెవులకు హెడ్‌ఫోను తగిలించి తంబూరా శ్రుతి వినిపించాను. ఆవిడ రెండు మాటలు పాడి ఆపేశారు.

“నా వెనకాల ఎవరురా పాడుతున్నది?”

ఎవరూ కాదు, ఆవిడ గొంతే ఆలస్యంగా తిరిగివస్తున్నది! ధ్వని ‘బఫర్’ అనే తొట్టిలో నిండిన తరువాతనే కంప్యూటరు దాన్ని అందుకుంటుంది. పైన చెప్పిన లెక్కన 256 నమూనాల తొట్టి నిండడానికి 5 మిల్లీసెకన్ల పైచిలుకు, 1,024 అయితే 21 పైచిలుకు పడుతుంది. పోవడానికీ రావడానికీ రెండుసార్లూ ఆలస్యమే. తొట్టి చిన్నది చేస్తే పాత యంత్రం అందుకోలేక పటపట చప్పుళ్ళు చేస్తుంది. ఉపాయం ఏమంటే, తొట్టి పెద్దదే ఉంచి ఇంటర్‌ఫేసుమీద ‘డైరెక్ట్ మానిటర్’ మీట వేయడం. అప్పుడు గొంతు కంప్యూటరు దాకా వెళ్ళకుండానే చెవికి చేరుతుంది. అన్ని పెట్టెలకూ ఈ మీట ఉండదు, చూసి కొనుక్కోండి.

గదిని కూడా సిద్ధం చేయాలి. ఫాను కట్టేయండి. ఖాళీ గోడలకు బొంతలు వేలాడదీయండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. కంప్యూటరుకు వీలైనంత ఎడంగా ఉండాలి. గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేటట్లు చూసుకోండి. సున్నాను తాకి పగిలిన గొంతును తరువాత అతకడం కష్టం.

పాట ముగిసిన వెంటనే దాన్ని ‘వేవ్’ ఫైలుగా దాచి, మూడు చోట్ల నకళ్ళు పెట్టండి. వాటిలో ఒకటి మరొక ఊళ్ళో, బంధువుల ఇంట్లో ఉంటే మేలు. పాత యంత్రం పాట పట్టడానికి పనికివస్తుంది గాని, పాటకు అదొక్కటే కాపలా కారాదు.

మూడోరోజు అప్పగింతల పాట సాంతం పట్టగలిగాం. వినిపిస్తే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

“ఇది నా గొంతు కాదురా. మా అక్క గొంతు” అన్నారు చివరికి.

మన గొంతు మనకు గాలిలోనుంచే గాక తల ఎముకల గుండా కూడా వినబడుతుంది. అందుచేత రికార్డులో విన్నప్పుడు అది పరాయి గొంతులా తోస్తుంది. ఆ సంగతి చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఆవిడ హెడ్‌ఫోను సర్దుకుని, “రెండో చరణంలో శ్రుతి జారింది. మళ్ళీ పాడతాను. ఆ డబ్బా కట్టెయ్యకు” అన్నారు.