అంకెల పేరులు, ఇంటి భాష: రాష్ట్రేతర తెలుగు బాలబాలికల గణితశిక్షణము

గణితము పిల్లల బుద్ధికి పరీక్ష యను భావము మన సంఘములో గట్టిగా నాటుకొనియున్నది. లెక్క తప్పిన పిల్లవాడు మందబుద్ధి యనియు, ఒప్పినవాడు చురుకైనవాడనియు తలిదండ్రులేకాక ఉపాధ్యాయులును తొందరపడి నిర్ణయింతురు. ఆ తప్పు ఎక్కడ పుట్టినదో విచారించువారు తక్కువ. తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబముల పిల్లల విషయమున ఈ విచారణ మిక్కిలి యవసరము. షోలాపురపు నేతగాండ్ర యిండ్లలో, హోసూరు పల్లెలలో, బరంపురపు వీధులలో, బళ్లారి, కోలారు ప్రాంతములలో పెక్కుమంది పిల్లలు ఇంట తెలుగున మాటలాడుదురు. బడిలో మరాఠీ, తమిళము, ఒడియా, కన్నడము, ఇంగ్లీషు భాషలలో ఏదో యొకదానిలో లెక్కలు నేర్తురు. ఈ రెండు భాషల నడుమ నున్న సందులో జారిపోవు లెక్కలు పెక్కు. ఆ సందును పూడ్చు సాధనము ఆ యిండ్లలోనే యున్నది. అది తెలుగు లెక్కింపు.

అంకెల పేరులు

తెలుగు సంఖ్యల పేరులను పరిశీలించినచో స్థానవిలువ వానిలోనే కానవచ్చును. ఇరువది, ముప్పది, నలువది అను మాటలలో ‘పది’ స్పష్టముగా నిలిచియున్నది. ఇరువది యైదు అనగా రెండు పదులు, ఐదు ఒకట్లు. 25 అని వ్రాయు క్రమమును, పలుకు క్రమమును ఒక్కటియే. వాడుకలో ఇరవై, ముప్పై యని మాట కురుచయైనను ఈ క్రమము చెడలేదు. కన్నడ తమిళములలోను ఇదే తీరు. ఐనను తమిళమున 90 పేరైన తొణ్ణూఱు నూరును, 900 పేరైన తొళ్ళాయిరం వేయిని తలపించును.

మరాఠీలో 21ని ఏకవీస్ అందురు. చెవికి ఒకటి ముందు, ఇరువది వెనుక. 29ని ఏకోణతీస్ అందురు, అనగా ముప్పదికి ఒకటి తక్కువ. ‘తీస్’ అను ముప్పదిని విని పిల్లవాడు 39 అని వ్రాసినచో అందు వింత లేదు. ఒడియాలోను ఈ పేరులలో పదులును ఒకట్లును ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. ఇంగ్లీషున 13 మొదలు 19 వరకు ఒకట్లే ముందు వచ్చును. సెవెంటీన్, సెవెంటీ అను మాటలు వినుటకు దగ్గరగా నుండుటచే పిల్లలు 17కును 70కిని తికమకపడుదురు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములో ఫ్రెంచి చదివిన పిల్లలకు 80 అనగా ‘నాలుగు ఇరువదులు’. 97 అనగా దానిపై మరి పదియు, ఏడును.

ఇందుచేత ఏ భాషయు తక్కువది కాదు. ఆ భాషలలోను గొప్ప గణితవేత్తలు పుట్టిరి. తొలిమెట్టుపై నున్న పిల్లవానికి పేరు తోడ్పడునా, అడ్డుపడునా యనునదే ఇచ్చటి ప్రశ్న. మహారాష్ట్రమున బాలభారతి సంస్థ 2019లో రెండవ తరగతి గణితపుస్తకమున ఏకవీస్ అను పేరుతోపాటు ‘వీస్ ఏక్’ అను విడి పద్ధతిని గూడ చేర్చెను. దానిపై వాదోపవాదములు చెలరేగినవి. మరాఠీ యింటి పిల్లల కొరకే ఇంత యాలోచన జరిగినప్పుడు, ఇంట ఇరవై యొకటి యని విడదీసి పలుకు తెలుగు పిల్లకు తన చేతనున్న సొమ్మును వాడుకొను అవకాశ మీయకుండుట న్యాయము కాదు.

ఉపాధ్యాయుని పని

నూట ఐదు వ్రాయుమన్న పిల్లవాడు 1005 అని వ్రాయును. ఇది దాదాపు అన్ని భాషల పిల్లలును చేయు తప్పు. నూరు వ్రాసి, ఐదు వ్రాసితినని వాని ఊహ. విన్నది విన్నట్లే వ్రాసినాడు. ఎఱ్ఱగీత పెట్టి ఊరకున్నచో వానికి తెలియునది తాను తప్పినాననుట మాత్రమే. ఎట్లు వ్రాసితివని అడిగినచో కారణము బయటపడును. చీపురుపుల్లలను పదేసి కట్టలుగా కట్టించి, పది కట్టలను ఒక పెద్దకట్టగా చేయించి, దానిప్రక్క ఐదు విడిపుల్లలు పెట్టించినచో, నడుమ విడికట్టలు లేవని చెప్పుటకే సున్న వచ్చినదని వాడే గ్రహించును. ఉపాధ్యాయునికి తెలుగు రాకున్నను చిక్కులేదు. సంఖ్యను మీయింట నేమందురో చెప్పి, పుల్లలతో చూపుమనిన చాలును.

తీసివేతలోను ఇంతే. 52 నుండి 38 తీయుమన్నచో, ప్రతి వరుసలోను పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసి 26 అని వ్రాయు పిల్లలు కలరు. ఆ పిల్లయే అంగడిలో 38 రూపాయల సరుకు కొన్నప్పుడు, రెండు వేసిన నలభై, మరి పన్నెండు వేసిన ఏభై రెండు, కనుక చిల్లర పదునాలుగు అని తప్పులేక చెప్పును. ఇంటిలెక్కకును బడిలెక్కకును నడుమ గోడ నిలిచినది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు 2025లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన దీనికి బలమిచ్చుచున్నది. ఢిల్లీ, కోల్‌కతా సంతలలో సరుకులమ్ము పిల్లలు బేరపు లెక్కలు నోటితో చక్కగా కట్టిరి. బడి పద్ధతిలో కాగితముపై నిచ్చిన లెక్కలలో పలువురు తడబడిరి. సంతపని యెరుగని బడిపిల్లలు బేరపు లెక్కలలో వెనుకబడిరి. రెండింటిని కలుపు వంతెన కట్టుటయే ఉపాధ్యాయుని ముఖ్యకార్యము.

ఈ దృష్టి మనకు కొత్తది కాదు. కన్నడదేశమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించుచు, మూలమందలి జైనసంబంధమైన ఉదాహరణములను శైవపరముగా మార్చుకొనెను. లెక్క అదియే, ఉదాహరణము మాత్రము చదువరి యెరిగిన లోకమునుండి వచ్చినది.

తలిదండ్రుల పాలు

తమకు చదువు రాదు గనుక పిల్లల లెక్కలలో తాము చేయగలది లేదని పెక్కుమంది తలిదండ్రులు తలంతురు. తెలుగులిపి రానివారును, బడిభాష చదువనేరనివారును ఇందు గలరు. కాని లెక్కింపునకు లిపి యక్కరలేదు. పడుగుపోగులు లెక్కించు తండ్రియు, ముగ్గుచుక్కలు పెట్టు తల్లియు గణితము నెరిగినవారే. నడుమ ఏడు చుక్కలుంచి, ఇరువైపుల ఐదు, మూడు, ఒకటిగా తగ్గించుచు పోయినచో మొత్తమెంతయని తల్లి యడుగవచ్చును. 25 అని వచ్చిన తరువాత, ఎట్లు లెక్కించితివని మరల నడుగుట ముఖ్యము. సరియైన సమాధానమునకు గూడ ‘ఎట్లు’ అను ప్రశ్న వేయవలెను.

భిన్నములకును మన మాటలు సాయపడును. నాలుగవ పాలు కాలు. కాలులో కాలు వీసము, అనగా 1/16. వీసములో కాలు కాణి, అనగా 1/64. కాగితమును నాలుగేసి మడతలుగా మడిచి చూపినచో, హారము పెరిగినకొలది భాగము తగ్గునని పిల్ల కంటితో చూచును. పావలా నాణెము 2011లో చెలామణి నుండి తొలగినది. పావు, అర, ముప్పావు అను మాటలు ఇంకను నిలిచియున్నవి.

మానవలసినది యొకటి కలదు: మన యింట ఎవరికిని లెక్కలు రావని పిల్ల యెదుట పలుకుట. ఆ మాట వారసత్వముగా దిగును.

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రయత్నింపవలెనని 1956 నాటి సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ హక్కును కోరుట తెలుగు సంఘముల బాధ్యత. తెలుగు తరగతి లేనిచోట గూడ, సంఘము నూరువరకు అంకెల పేరులను తెలుగునను బడిభాషలోను ప్రక్కప్రక్కన అచ్చువేయించి ప్రతి యింటికి పంచవచ్చును. నెలకొకసారి ఉపాధ్యాయులను తలిదండ్రులను ఒకచోట కూర్చుండబెట్టవచ్చును. దీనివలన బడిభాషకు లోటు రాదు. ఇంట దృఢముగా నేర్చిన లెక్క ఏ భాషలోనికైనను తేలికగా వచ్చును. భాష మారినచోట తడబడిన పిల్లను మందబుద్ధి యని విడిచిపెట్టుట మాత్రము తీరని నష్టము.